అడిగే ధర కూడా మనం పలికే మాటే



అబద్ధమంటే నోటితో ఆడేదే అనుకుంటాం. నాలుక విషయంలో ఎంతో జాగ్రత్తపడే విశ్వాసులు కూడా పాత వస్తువు అమ్మేటప్పుడు చీటీ మీద రాసే అంకె విషయంలో అంత జాగ్రత్తపడరు. ప్రియులారా, ఆ అంకె కూడా మాటే. "ఈ వస్తువు ఇంత చేస్తుంది" అని మనం ఎదుటివాడికి చెబుతున్నాం. ఆ అంకె వెనకాల మనకు తెలిసి అతనికి తెలియని సంగతి ఒకటి దాగి ఉంటే, పెదవి కదపకపోయినా అబద్ధమాడినట్టే. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే. అయితే మీలో చాలామంది ఎన్నడూ చూడని ఒక వస్తువును ముందు పెట్టుకుని చెబుతాను. దాని పేరు పిన్‌బాల్ యంత్రం.

పల్లెటూరి పాస్టరుకి పిన్‌బాల్‌తో ఏం పని అని నవ్వకండి. మన సంఘం నుంచి వెళ్ళిన కుటుంబాలు కొన్ని అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉన్నాయని మీకు తెలుసు. ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు చాలామంది. టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ అనే పెద్ద వేడుక జరిగేది కూడా ఆ ఊళ్ళోనే. హాలు నిండా యంత్రాలు పెట్టి ఆడుకుంటారు, నచ్చితే కొనుక్కుంటారు. మన సహోదరుడొకడు ఆ సరదాలో పడి, రెండు పాత యంత్రాలు కొని గ్యారేజీలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇక్కడ తండ్రి మంచాన పడ్డాడు. అక్కడి కాపురం ఎత్తేసి, భార్యాబిడ్డలతో ఊరికి వచ్చేస్తున్నాడు. వచ్చేలోపు ఆ రెండూ అమ్మాలి.

అతను ఫోన్ చేసి అడిగాడు: "అయ్యగారూ, ఎంత అడిగితే న్యాయం? నేను కొన్నప్పుడు రేట్లు మండిపోతున్నాయి. పైగా ఒకదానికి చిన్న రోగం ఉంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. కొంటామన్నవాళ్ళలో మన సహవాసంలోని వాళ్ళు కూడా ఉన్నారు."

అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. అతను ఓపిగ్గా వివరించినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ యంత్రం సంగతి

నాలుగు కాళ్ళ మీద వాలుగా నిలబడిన పెద్ద పెట్టె అనుకోండి. పైన అద్దం, అద్దం కింద రంగులు వేసిన చెక్క పలక. దాన్ని ప్లేఫీల్డ్ అంటారు. దాని మీద ఒక ఉక్కు గుండు దొర్లుతూ, దీపాలకూ గంటలకూ తగులుతూ కిందికి జారుతుంది. అది కింది గుంటలో పడిపోకుండా రెండు చిన్న రెక్కలతో మళ్ళీ పైకి కొట్టాలి. ఆ రెక్కలనే ఫ్లిప్పర్లు అంటారు. వెనక నిలువుగా నిలబడ్డ పెట్టెలో బొమ్మల అద్దం, దాని వెనకాల విద్యుత్ పలకలు ఉంటాయి. మొత్తం బరువు 110 నుంచి 135 కిలోల దాకా ఉంటుంది.

ఈ యంత్రాల పుట్టిల్లు అమెరికాలోని షికాగో. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ అనే పేరున్న కంపెనీలన్నీ అక్కడివే. ఫ్లిప్పర్లు మొదట వచ్చింది 1947లో, గాట్లీబ్ వారి హంప్టీ డంప్టీ అనే యంత్రంతో. అంతకుముందు గుండును వదిలిపెట్టి, అది ఎక్కడ పడుతుందో చూస్తూ నిలబడటమే. అందుకే 1942లో న్యూయార్క్ మేయరు లాగార్డియా దీన్ని జూదమని నిషేధించి, పట్టుకున్న యంత్రాలను సుత్తులతో పగలగొట్టించాడు. ఆ నిషేధం 1976 దాకా ఉంది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే యువకుడు నగర సభ్యుల ఎదుట ఆడి చూపించి, ఇది అదృష్టం కాదు, చేతి నేర్పు అని ఒప్పించాడు. "విశ్వాసి ఇంట్లో జూదపు పెట్టె ఏమిటి" అని అడగబోయే పెద్దలకు ఈ సంగతి ముందే చెబుతున్నాను. డబ్బు పందెం లేకుండా పిల్లలతో కలిసి ఇంట్లో ఆడుకుంటే అది మన కేరమ్ బోర్డు లాంటిదే.

ఇక ధర సంగతికి వస్తాను. మనం వస్తువు అమ్మేటప్పుడు మనసులో నాలుగు తప్పుడు తూకాలు పనిచేస్తాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి తప్పుడు తూకం: నేను ఇంతకు కొన్నాను

2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు, ఇంట్లో ఆడుకునే వస్తువులన్నిటికీ గిరాకీ పెరిగింది. పిన్‌బాల్ ధరలు కూడా బాగా ఎగిశాయి. తర్వాత జనం బయట తిరగడం మొదలుపెట్టాక ఆ ఊపు చల్లబడింది. మన సహోదరుడు కొన్నది ఆ ఊపులోనే. "నేను పెట్టిందైనా రావాలి కదా" అన్నాడు. బాధ అర్థమైంది. కానీ అతను ఎంతకు కొన్నాడనేది అతని చరిత్ర. ఆ యంత్రానికి ఆ చరిత్ర తెలియదు, కొనేవాడికి దానితో పని లేదు.

లేవీయకాండము 25వ అధ్యాయంలో భూమి అమ్మకం గురించిన నియమం నాకు చాలా ఇష్టం. సునాద సంవత్సరానికి ఇంకా ఎన్నేళ్ళున్నాయో లెక్కపెట్టి ధర కట్టమంటుంది. ఏళ్ళు ఎక్కువ మిగిలితే ఎక్కువ, తక్కువ మిగిలితే తక్కువ. ఎందుకంటే అమ్ముతున్నది ఇకముందు రాబోయే పంటలను. గడిచిపోయిన పంటలు అమ్మినవాడు ఇప్పటికే తిన్నాడు. పాత వస్తువు ధర కట్టడానికి ఇంతకంటే తిన్నని సూత్రం నేనెక్కడా చూడలేదు. నాలుగేళ్ళు ఆ యంత్రం మీద నువ్వూ నీ పిల్లలూ ఆడుకున్న ఆట మీరు కోసుకున్న పంట. దాని ఖరీదు కొత్తగా కొనేవాడి దగ్గర వసూలు చేయకూడదు.

రెండో తప్పుడు తూకం: నాకు ఇంత కావాలి

విమానం టికెట్లు, సామాను ఓడలో పంపే ఖర్చు, తండ్రి వైద్యం. అవసరం నిజమైనదే. కానీ అవసరం వస్తువులో భాగం కాదు. మన అవసరాన్ని వస్తువు ధరలో కలిపితే, చెప్పకుండా ఎదుటివాడి దగ్గర చందా తీసుకున్నట్టే. సహాయం కావాలంటే సహాయమని అడగాలి. సంఘం ఉన్నది అందుకే. దాన్ని అంకెలో చుట్టి అడిగితే, ఇచ్చేవాడికి తాను ఇచ్చానని కూడా తెలియదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తొందరలో ఉన్నవాడి అవసరం కనిపెట్టి సగం ధర చెప్పేవాళ్ళు ఉంటారు. ఊరు వదిలి వెళ్ళేవాడి సామాను ఎలా పోతుందో మనకు తెలుసు. అందుకే అతనికి ఒకటే చెప్పాను: ప్రయాణం తేదీ కొనేవాడికి చెప్పకపోవడం అబద్ధం కాదు. వస్తువు గురించి దాచకూడదు. నీ ఇంటి అవసరం గురించి చెప్పాలన్న నియమం లేదు.

మూడో తప్పుడు తూకం: ఫలానావాడు ఇంత అడుగుతున్నాడు

ఇంటర్నెట్‌లో చూస్తే అదే యంత్రానికి ఎవరో 7,500 డాలర్లు అడుగుతుంటాడు. దాన్ని చూసి మనం 7,000 పెట్టి "నేను తక్కువకే ఇస్తున్నాను" అనుకుంటాం. ఆలోచించండి. న్యాయమైన ధర పెట్టిన యంత్రం వారంలో అమ్ముడై ఆ పట్టికలోంచి పోతుంది. మిగిలి మన కంటికి నెలల తరబడి కనిపించేవి ఎవరూ కొననివే. అంటే అడిగే ధరలను మాత్రమే చూసి లెక్కకట్టేవాడు, అమ్ముడుపోని వస్తువుల ధరలు చూసి నేర్చుకుంటున్నాడన్నమాట. చూడవలసినది డబ్బు చేతులు మారిన ధర. ఈబే లాంటి చోట అమ్ముడైనవాటిని విడిగా చూపించమని అడిగే వీలుంది. అది ముందు చూడాలి.

నాలుగో తప్పుడు తూకం: ఇది చాలా అరుదు

అమ్మేవాళ్ళందరూ వాడే మాట ఇది. 1992లో వచ్చిన ఆడమ్స్ ఫ్యామిలీ అనే యంత్రం 20,270 తయారయ్యాయి. ఆధునిక పిన్‌బాల్‌లో అంత అమ్ముడైనది మరొకటి లేదు. అరుదైనది అసలే కాదు. అయినా ఈనాటికీ మంచి ధర పలుకుతుంది. పెట్టెలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి గుండును తీసుకుపోయే ఆ విచిత్రం కోసం, ఆ ఆట కోసం జనం ఇప్పటికీ వెతుక్కుంటారు. మరోవైపు కొన్ని వందలు మాత్రమే తయారై, ఆడటానికి రుచి లేక ఎవరూ అడగని పాత యంత్రాలు ఎన్నో ఉన్నాయి. తక్కువ ఉండటం వల్ల ధర రాదు, కోరుకునేవాళ్ళు ఉండటం వల్ల వస్తుంది.

అరుదు అనేది నిలిచేది కూడా కాదు. 1997లో విలియమ్స్ వారు చేసిన మీడీవల్ మ్యాడ్‌నెస్ 4,016 మాత్రమే. దానికోసం జనం ఎగబడేవారు. విలియమ్స్ వారు 1999లో పిన్‌బాల్ తయారీ మానేశారు, ఇక రాదనుకున్నారు. 2015లో షికాగో గేమింగ్ అనే కంపెనీ అదే యంత్రాన్ని మళ్ళీ తయారుచేసి అమ్మింది. "ఇక దొరకదు" అన్న మాట మీద ధర కట్టుకున్నవాళ్ళ తూకం ఆ రోజు తేలికైపోయింది.

మరి న్యాయమైన తూకం ఏది?

అదే మోడలు, దగ్గర దగ్గరగా అదే స్థితిలో ఉన్నది, ఈ మధ్య నెలల్లో, ఆ ప్రాంతంలో ఎంతకు అమ్ముడైందో మూడు నాలుగు చూడాలి. వీటిలో కష్టమైనది "అదే స్థితి" అన్న మాట. మన వస్తువు మన కంటికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. అందుకే ఏమేం చూడాలో ఒక్కొక్కటే చెప్పించుకుని రాసుకున్నాను.

ప్లేఫీల్డ్ మీద అద్దం తీసి పగటి వెలుతురులో చూడాలి. గుండు వేలసార్లు దొర్లినచోట రంగు పోయి చెక్క కనబడుతోందా? దీపాల పైన ఉండే ప్లాస్టిక్ బిళ్ళలు కుంగాయా, పైకి లేచాయా? గుండు ఎక్కే ర్యాంపులు పగిలాయా? ఇంకా పాత యంత్రాల్లో బొమ్మల అద్దం వెనకవైపు రంగు పెచ్చులు లేస్తుంది. అది పోతే తిరిగి తేవడం చాలా కష్టం. కిటికీ దగ్గర పెట్టిన యంత్రానికి ఒక పక్క రంగు వెలిసిపోతుంది. రెండో పక్కనే ఫోటో తీసి పెట్టేవాళ్ళు ఉంటారు.

తర్వాత బ్యాటరీలు. 1990ల నాటి విలియమ్స్, బాలీ యంత్రాల్లో స్కోర్లు గుర్తుంచుకోవడానికి విద్యుత్ పలక మీద మూడు పెన్సిల్ బ్యాటరీలు ఉంటాయి. ఏళ్ళ తరబడి మార్చకపోతే అవి కారి, ఆ పలకను తినేస్తాయి. పైనుంచి చూస్తే యంత్రం ధగధగలాడుతుంది, లోపల ఆకుపచ్చ తుప్పు పాకుతుంటుంది. వెనక పెట్టె తెరిచి, ఆ చోటు ఫోటో తీసి కొనేవాడికి చూపించాలి. ఫ్లిప్పర్లలో బలం ఉందో లేదో, వాటి లోపలి భాగాలు ఎప్పుడు మార్చారో చెప్పాలి.

"ఇంట్లో మాత్రమే వాడినది" అనే మాట ఒకటి ధర పెంచడానికి వాడతారు. ఈ యంత్రాల్లో ఎన్ని ఆటలు ఆడారో లెక్క లోపలే ఉంటుంది, మెనూలో చూడవచ్చు. కానీ ఆ లెక్కను చెరిపేసే వీలు కూడా ఉంది. నువ్వు రెండో చేతి మీద కొన్నవాడివైతే, నీకు ముందు అది ఏ హోటల్లో నలిగిందో నీకు తెలియదు. తెలియనప్పుడు "నా ఇంట్లో ఇన్నేళ్ళు ఉంది" అని తెలిసినంతే రాయాలి.

ఇంకో సంగతి. సరదా కొద్దీ తగిలించిన రంగుల దీపాలు, పైన పెట్టిన బొమ్మలు, అదనపు అలంకారాలు. వాటికి పెట్టిన డబ్బు తిరిగి రాదు. నీకు నచ్చినవి కొనేవాడికి నచ్చాలని లేదు. తీయగలిగితే తీసి విడిగా అమ్మడమే మేలు.

దాగి ఉన్న రోగం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన సహోదరుడి రెండు యంత్రాల్లో 1990ల నాటిదానికి ఒక జబ్బు ఉంది. ఓ అరగంట ఆడి వేడెక్కాక, రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి నొక్కితే ఒక్కోసారి యంత్రం ఠక్కున ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. ఫ్లిప్పర్లు కరెంటును ఒక్కసారిగా లాగినప్పుడు లోపలి పలకకు వెళ్ళే వోల్టేజి పడిపోవడమే కారణం. ఆ కాలపు యంత్రాల్లో తరచుగా కనిపించే జబ్బే.

గమనించండి, కొనడానికి వచ్చినవాడు పది నిమిషాలు ఆడతాడు. పది నిమిషాల్లో అది బయటపడదు. "పూర్తిగా పనిచేస్తుంది" అని రాస్తే ఎవరూ తప్పుపట్టలేరు, ఆ పది నిమిషాలు పనిచేసింది కూడా.

"అయ్యగారూ, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను అని రాస్తే చాలదా? చూసుకోవలసింది కొనేవాడు కదా" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు. నా అభిప్రాయం ఇది: "ఉన్నది ఉన్నట్టుగా" అనే మాట నీకు తెలియనివాటికి పనికొస్తుంది. రేపు ఏ వైరు తెగుతుందో నీకు తెలియదు, దానికి నువ్వు పూచీ పడనక్కరలేదు. కానీ నీకు తెలిసిన రోగాన్ని ఆ మాట కింద కప్పడం త్రాసు పళ్ళెం కింద చింతపండు అంటించడమే. న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు ఉండాలని లేవీయకాండము 19వ అధ్యాయం చెప్పేది ఇలాంటివాటి గురించే. కొలిచే అంగట్లో మాత్రమే త్రాసు ఉండదు. ప్రకటన రాసే ఫోనులో కూడా ఉంటుంది.

నిజం చెబితే నష్టమెంత? అంకెలు వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసినవి. అదే మోడలు ఈ మధ్య 5,000, 5,400, 5,600, 7,000 డాలర్లకు అమ్ముడైందనుకోండి. ఆ 7,000ది మొత్తం విప్పి కొత్తదిలా చేసినది, కాబట్టి లెక్కలోంచి తీసేయాలి. మిగిలిన మూడింటి మధ్యది 5,400. మన యంత్రానికి ఒకచోట రంగు పోయింది, దానికి 200 తగ్గిద్దాం. ఇప్పుడు 5,200. ఆరిపోయే జబ్బుకు మెకానిక్ 350 అడుగుతాడనుకోండి. బాగుచేయకుండా అమ్మితే 350 తగ్గిస్తే సరిపోదు, మెకానిక్‌ను వెతుక్కునే శ్రమ, ఇంకేముందోనన్న భయం కొనేవాడివి. కనీసం 500 తగ్గించాలి. అంటే 4,700. అదే 350 పెట్టి ముందే బాగుచేయించి, రసీదు చూపించి అమ్మితే 5,200 అడగవచ్చు. ఖర్చు పోను చేతికి 4,850.

చూశారా? నిజం చెప్పి బాగుచేయించడమే నిజం చెప్పి అలాగే అమ్మడంకంటే మేలు. దాచి అమ్మితే 5,200 పూర్తిగా వస్తుంది. అంటే ఈ అమ్మకంలో మనిషి మాట ఖరీదు 350 డాలర్లు. సహోదరుణ్ణి నేను అడిగింది ఒకటే. ఆ రాత్రి కొన్నవాడి ఇంట్లో పిల్లలు అరగంట ఆడాక అది ఆరిపోతుంది. ఆ తండ్రి నీకు ఫోన్ చేసి "అన్నా, ఇది నీకు ముందు తెలుసా?" అని అడిగితే ఏం చెబుతావు? ఆ జవాబు ఇప్పుడే ప్రకటనలో రాసెయ్యి.

బేరానికి ఎంత వదలాలి?

మన పశువుల సంతల్లో దళారి తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పడం పెద్దలు చూసే ఉంటారు. పక్కనున్నవాడికి తెలియకూడదు, ఒక్కొక్కడికి ఒక్కో ధర. ఇప్పుడు తువ్వాలు పోయి వాట్సాప్ వచ్చింది, పద్ధతి మాత్రం మారలేదు.

దీనికి ఎదురుగా ఆదికాండము 23వ అధ్యాయం చూడండి. శారా చనిపోయింది, పాతిపెట్టడానికి చోటు కావాలి. అబ్రాహాము దుఃఖంలో ఉన్నాడు, అవసరంలో ఉన్నాడు, పైగా పరదేశి. ఎఫ్రోను 400 తులాల వెండి అన్నది ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగానే. అబ్రాహాము అందరి ముందే తూచి ఇచ్చాడు. ఆ ధర ఎక్కువా తక్కువా అని పండితులు వాదించుకుంటారు. నాకు కనిపించేది వేరు. అది పదిమంది వినగా పలికిన ధర. రెండో మనిషికి ఇంకో ధర చెప్పే వీలు లేదు.

నా అభిప్రాయంలో బేరానికి కొంచెం వదలడం తప్పు కాదు. అలా వదలడం లోకంలో అందరికీ తెలిసిన మర్యాద. 5,200కు ఇవ్వదలచుకున్నవాడు 5,400 అడిగితే ఎవరూ మోసపోరు. కానీ 7,000 అడిగి, గట్టివాడికి 5,200కు, మొహమాటస్తుడికి 6,800కు ఇస్తే, అది వస్తువు ధర కాదు. అది మనిషి నోరులేనితనానికి కట్టిన జుల్మానా. మన సంఘాల్లో నోరులేనివాళ్ళే ఎక్కువ. అందుకే పరీక్ష ఇది: నువ్వు ఎవరెవరికి ఎంత చెప్పావో అందరూ ఒక గదిలో కూర్చుని చెప్పుకుంటే నీకు సిగ్గు కలగకూడదు.

కొనేవాళ్ళకూ ఒక మాట. కొనేటప్పుడు వస్తువును పనికిరానిదని తీసిపారేసి, ఇంటికి తీసుకుపోయాక గొప్పగా చెప్పుకునేవాణ్ణి సామెతల గ్రంథం 20వ అధ్యాయం ఎప్పుడో పట్టుకుంది. అమ్మేవాడు లోపం దాస్తే ఎంత తప్పో, కొనేవాడు లేని లోపం ఎంచడం అంతే తప్పు.

"మనవాళ్ళకి తగ్గించవా?"

సహవాసంలోని వాళ్ళు ఈ మాట అడుగుతారు. తగ్గించాలనుకుంటే తగ్గించండి, అది మీ ఇష్టం. కానీ ముందు ధర చెప్పి, ఆ తర్వాత "ఇందులో ఇంత నా కానుక" అని విడిగా చెప్పండి. రెండూ కలిపేస్తే, రేపు యంత్రం పాడైనప్పుడు "తక్కువకిచ్చాను కదా" అన్న మాట వస్తుంది. కానుక కాస్తా నోరు మూయించే సాధనమవుతుంది.

అడిగేవాళ్ళు దావీదును చూడండి. అరౌనా కళ్ళం ఊరికే ఇస్తానన్నాడు, ఎడ్లతో సహా. ఎదురుగా ఉన్నది రాజు. ఊరికే తీసుకుంటే ఎవరూ కాదనరు. అయినా దావీదు 50 తులాల వెండి ఇచ్చి కొన్నాడు. సహోదరుడన్న మాటను బేరంలో వాడేవాడు ఆ మాట విలువనే తగ్గిస్తున్నాడు.

మరీ తక్కువకు అమ్మడం కూడా న్యాయం కాదు

చివరగా ఇది కూడా చెప్పాలి. మంచివాళ్ళు కొందరు ధర అడగడమే పాపమన్నట్టు సిగ్గుపడి, సగానికి ఇచ్చేస్తారు. అలా తక్కువకు కొన్నవాడు బీదవాడైతే సరే. కానీ ఈ యంత్రాల విషయంలో మరుసటి వారమే ఎక్కువకు తిరిగి అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉంటారు. నువ్వు వదులుకున్న డబ్బు ఎవరి మేలుకూ పోలేదు, నీ తండ్రి మందుల డబ్బు తెలివైనవాడి జేబులో పడింది. భర్త చనిపోయాక ఆయన కూడబెట్టిన వస్తువులు అమ్మే స్త్రీలకు ఇది మరీ ముఖ్యం. ముందు వచ్చిన మనిషి చెప్పిన ధరకు ఇచ్చేయకండి. మోడలు పేరు, ఏడాది రాసుకుని, అమ్ముడైన ధరలు చూసిపెట్టమని, ఆ వస్తువు కొనే ఉద్దేశం లేని మనిషిని అడగండి. త్రాసు రెండు వైపులా సరిగ్గా ఉండాలి. ఒకవైపు కూర్చున్నది నీ ఇంటివాళ్ళు.

పల్లెలో ఉన్న మీకు పిన్‌బాల్ ఎప్పటికీ ఎదురుపడకపోవచ్చు. ట్రాక్టరు ఎదురవుతుంది, పాల గేదె ఎదురవుతుంది, కుట్టుమిషను, పాత బండి ఎదురవుతాయి. చూడవలసినవి మారతాయి, పద్ధతి మారదు. ఎంతకు కొన్నావో మరిచిపో. నీ అవసరాన్ని ధరలో కలపకు. అడిగేవాళ్ళ మాట కాక, అమ్ముడైన ధర కనుక్కో. నీకు తెలిసిన లోపమంతా రాయి, బాగుచేయగలిగింది బాగుచేయి. గుమ్మంలో ఇస్తావా, వాళ్ళింటికి చేరుస్తావా అన్నది ముందే చెప్పు. నూట పాతిక కిలోల పెట్టె విషయంలో అది చిన్న సంగతి కాదు, గేదె విషయంలోనూ కాదు.

తర్వాత ఒక కాగితం తీసుకోండి. పైన ధర, కింద లోపాలు, రెండూ ఒకే కాగితం మీద రాయండి. దాన్ని మీ ఇంట్లో ఒకరికి ఇచ్చి, కొనేవాడిలా చదవమనండి. చదివినవాళ్ళు "ఇది సబబే" అంటే, ఆ అంకెను ధైర్యంగా అడగండి, సిగ్గుపడనక్కరలేదు.

ప్రభువు మీ చేతి పనినీ, మీ ఇచ్చిపుచ్చుకోవడాలనూ దీవించును గాక. ఆమేన్.